పిల్లల ఆట – పెద్దల పద్దు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంగ్లండు రెండుసార్లు వెళ్లొచ్చారు కదండీ, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. థేమ్సు నది వంతెన, రాజుగారి కోట, మైనపు బొమ్మలు – వీటి గురించి విదేశాలు వెళ్లొచ్చిన మన మిత్రులు ఇదివరకే చెప్పారు. మళ్లీ అదే చెప్పి మీ సమయం తీసుకోను. నేను చూసిన ఒకే ఒక్క విషయం చెబుతాను. అక్కడ ఒక కౌంటీలో చిన్నపిల్లలు క్రికెట్టు ఎలా ఆడతారు, వాళ్లచేత ఎవరు ఆడిస్తారు అన్నది. ఆడించేవాళ్లలో చాలామంది మనలాంటివాళ్లేనండీ. రిజిస్టర్లు రాసి, సర్క్యులర్లు పంపి, లెక్కలు సరిచూసి బతికినవాళ్లే. అందుకే ఇది ఈ సభలో చెప్పవలసిన విషయమనుకున్నాను.

ముందుగా ఒక మనవి. నేను ఆటగాణ్ణి కాను. 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేవరకు నేను పట్టుకున్నది కలమే గాని బ్యాటు కాదు. చిన్నప్పుడు తాటిమట్టతో ఆడిన ఆటా, ఆఫీసులో ఎవరో తెచ్చిన ట్రాన్సిస్టరులో విన్న కామెంటరీ – నా క్రికెట్టు అంతే. కాబట్టి నేను చెప్పేది ఆట గురించి కన్నా, ఆట వెనకాల ఉన్న ఆఫీసు గురించి అనుకోండి.

మా అమ్మాయి, అల్లుడుగారు ఉండేది ఇల్ఫర్డులో. 2022 వేసవిలో ఒకసారి, 2024 వేసవిలో ఒకసారి నేనూ మా ఇంటావిడా వెళ్లాం. ఇల్ఫర్డు 1965 నుంచి పరిపాలనలో లండను మహానగరంలో కలిసిపోయింది. క్రికెట్టు లెక్కలో మాత్రం అది ఇప్పటికీ ఎసెక్సు కౌంటీయే. ఇందులో వింతేమీ లేదు. మన తూర్పుగోదావరి 2022లో ముక్కలై మనం కాకినాడ జిల్లావాళ్లమయ్యాం. అయినా ఎవరైనా అడిగితే నోటికి ముందొచ్చేది తూర్పుగోదావరే కదా! పక్కనే ఈస్ట్ హామ్ అనే పేట ఉంది. అదీ అంతే, పాత ఎసెక్సు. అక్కడ బజారులో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. గోంగూర కూడా దొరుకుతుంది.

ఈ ఎసెక్సు కౌంటీ క్లబ్బు 1876లో పుట్టింది. మొదట్లో కష్టాలే. 1933లో లేటన్ అనే చోట ఉన్న ప్రధాన మైదానం వదులుకున్నాక, మూడు దశాబ్దాలకు పైగా దానికి సొంత ఇల్లు లేదు. మన దసరా నాటకాల కంపెనీలాగ బల్లలూ, కుర్చీలూ, కంచెలూ లారీల్లో వేసుకుని ఊరూరా తిరిగి మ్యాచీలు ఆడేది. ఒక పాత రెండంతస్తుల బస్సునే స్కోరుబోర్డుగా మార్చుకున్నారు. ట్రెవర్ బెయిలీ అనే ఇంగ్లండు ఆటగాడు జట్టులో ఆడుతూనే క్లబ్బు కార్యదర్శి పని కూడా చేశాడు. చివరికి 1966లో చెమ్స్‌ఫర్డులో మైదానం కొనుక్కోగలిగారంటే, అది వార్విక్‌షైర్ మద్దతుదారుల సంఘం ఇచ్చిన వడ్డీలేని అప్పు చలవే. పోటీ జట్టుకి వడ్డీ లేకుండా అప్పిచ్చిన సంఘం! మన కోశాధికారిగారు ఈ ఉదాహరణ నోటు చేసుకోవద్దని మనవి. ఆ క్లబ్బు మొట్టమొదటి కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచింది 1979లో. అంటే పుట్టిన 103 ఏళ్లకి.

ఇల్ఫర్డుకి క్రికెట్టులో ఒక పేరుంది. అక్కడ ఒక ఇండోర్ క్రికెట్ స్కూలు ఉండేది. ఇంగ్లండు కెప్టెన్లు గ్రాహం గూచ్, నాసర్ హుస్సేన్ ఇద్దరూ చిన్నతనంలో అక్కడ సాధన చేసినవాళ్లే. నాసర్ హుస్సేన్ పుట్టింది 1968లో మద్రాసులో. ఆయన తండ్రి కుటుంబాన్ని ఇంగ్లండు తీసుకెళ్లి, ఆ స్కూలు నడుపుతూ తన పిల్లలకీ, ఊళ్లో పిల్లలకీ ఆట నేర్పారు. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి కూడా భారత జట్టులోకి రాకముందు ఎసెక్సు లీగులో హట్టన్ అనే ఊరి క్లబ్బుకి ఆడాడు. ఆ ముక్క మా అల్లుడుగారు చెప్పినప్పుడు నాకు కలిగిన ఆనందం మీరు ఊహించుకోగలరు.

సరే, అసలు విషయానికి వస్తాను.

అక్కడ వేసవిలో, ముఖ్యంగా జూన్ నెలలో, రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది. శుక్రవారం సాయంత్రం క్లబ్బు మైదానానికి వెళితే తిరునాళ్లలా ఉంటుంది. ఐదేళ్ల పిల్లలనుంచి పదిహేనేళ్లవాళ్లదాకా గుంపులు గుంపులుగా ఆడుతుంటారు. ఐదేళ్లనుంచి ఎనిమిదేళ్లవాళ్లకి 'ఆల్ స్టార్స్' అని ఒక కార్యక్రమం. ఇంగ్లండు క్రికెట్ బోర్డు దీన్ని 2017లో మొదలుపెట్టింది. వారానికి ఒక గంట చొప్పున ఎనిమిది వారాలు. మొదలుపెట్టినప్పుడు రుసుము 40 పౌండ్లు. దానికి ఒక సంచీ, ప్లాస్టిక్ బ్యాటు, మెత్తటి బంతి, పిల్లవాడి పేరు రాసిన చొక్కా ఇచ్చేవారు. ఎనిమిదినుంచి పదకొండేళ్లవాళ్లకి 'డైనమోస్' అని దాని పై తరగతి. అది దాటితే వయసుల వారీ జట్లు – అండర్ నైన్, అండర్ లెవెన్, అండర్ థర్టీన్, అండర్ ఫిఫ్టీన్.

ఈ వయసు లెక్క కట్టడంలో మన సర్వీసు రిజిస్టరు గుర్తొచ్చింది. సీజను మొదలయ్యే ముందటి సంవత్సరం ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు నిండాయన్నదే ప్రమాణం. బడి సంవత్సరంతో కలిసేలా ఈ తేదీ పెట్టుకున్నారు. సెప్టెంబరు 1న పుట్టినవాడు జట్టులో అందరికన్నా పెద్ద, ఆగస్టు 31న పుట్టినవాడు అందరికన్నా చిన్న. ఒక్క రోజు తేడాతో ఏడాది వెనకబడినవాళ్లు మన సర్వీసులోనూ ఎంతమంది లేరు!

అండర్ నైన్ పిల్లల మ్యాచి ఒకటి చూస్తే నాకు ట్రెజరీ లెక్క చూస్తున్నట్టే అనిపించింది. దాన్ని జంటల క్రికెట్టంటారు. జట్టుకి ఎనిమిదిమంది, అంటే నాలుగు జంటలు. ఒక్కో జంట నాలుగేసి ఓవర్లు ఆడుతుంది. ఆట మొదలవకముందే జట్టు ఖాతాలో 200 పరుగులు జమ వేసి ఉంచుతారు. అది ప్రారంభ నిల్వ. ఎవరైనా అవుటైతే ఇంటికి పోనక్కర్లేదు. ఖాతాలోంచి ఐదు పరుగులు ఖర్చు రాస్తారు, వాడు అవతలి చివరకు మారి ఆడుతూనే ఉంటాడు. మా మనవడి జట్టు ఒకరోజు 81 పరుగులు చేసి తొమ్మిదిసార్లు అవుటైంది. 200కి 81 కలిపి, 45 తీసేస్తే ముగింపు నిల్వ 236. ఆ పద్ధతిలో ప్రతి పిల్లవాడికీ బ్యాటింగు వస్తుంది, దాదాపు ప్రతివాడికీ బౌలింగు వస్తుంది. మొదటి బంతికే అవుటై, మిగతా సాయంత్రమంతా గట్టుమీద కూర్చుని ఏడ్చే పిల్లవాడు ఉండడు. ఈ చిన్న ఏర్పాటు చేసినవాళ్లకి పిల్లల మనసు తెలుసు.

అక్కడ పిల్లల ఆట అంటే పెద్దల ఆటని యథాతథంగా నెత్తిన రుద్దడం కాదు. పిచ్ పొడవు మనకు తెలిసిన 22 గజాలు. చిన్నవాళ్లకి దాన్ని బాగా కుదిస్తారు, వయసుతోపాటు గజమో రెండు గజాలో పెంచుకుంటూ పోతారు. పదమూడేళ్లలోపు వాళ్లకి బంతి బరువు నాలుగుముప్పావు ఔన్సులు, పెద్దవాళ్లకి ఐదున్నర. గట్టి బంతితో ఆడే పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి బ్యాటింగప్పుడు హెల్మెట్ తప్పనిసరి. అండర్ థర్టీన్‌వాళ్లు బ్యాటరుకి 11 గజాలకన్నా దగ్గరగా ఫీల్డింగుకి నిలబడకూడదు. వేగంగా బంతులు వేసే పిల్లలకి మరో నియమం. నేను క్లబ్బు గోడమీద చూసిన పట్టిక ప్రకారం, పదమూడేళ్ల వరకు ఒక దఫా ఐదు ఓవర్లు, రోజు మొత్తానికి పది. పధ్నాలుగు, పదిహేనేళ్లవాళ్లకి ఒక దఫా ఆరు, రోజుకి పన్నెండు. ఎదిగే వయసులో వెన్నెముక మీద భారం పడితే ఎముక చిట్లుతుందని ఈ జాగ్రత్త. గెలుపు దగ్గరపడింది గదా అని, బాగా వేస్తున్నాడు గదా అని, ఎవరూ ఆ పట్టిక దాటడం నేను చూడలేదు.

ఇదంతా నడిపేదెవరయ్యా అంటే, జీతంమీద పనిచేసేవాళ్లు బహు స్వల్పం. క్లబ్బుకి ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి, ఒక మ్యాచీల పట్టిక వేసే ఆయన, వయసుకొక మేనేజరు, మైదానం చూసుకునే ఆయన, టీలు కాచే బృందం – అందరూ స్వచ్ఛందంగానే. పిల్లల రక్షణకని ప్రత్యేకంగా ఒక అధికారి ఉండాలి. పిల్లలతో పనిచేసే కోచులకు, మేనేజర్లకు పోలీసు రికార్డుల తనిఖీ తప్పనిసరి. ఏ పిల్లవాడికి ఉబ్బసం, ఎవరికి వేరుశనగ పడదు, అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలి – ఇవన్నీ వరసగా రాసుకున్న కాగితం మేనేజరు చేతిలో ఉంటుంది. ఆ కాగితం చూశాక ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నిజం చెప్పాలంటే, మంచి ఆఫీసు అక్కడ చెట్టుకింద నడుస్తోంది.

ఆ మేనేజరుకి అరవై ఎనిమిదేళ్లు. తపాలా శాఖలో చేసి రిటైరయ్యారట. ఆయన సొంత పిల్లలు ఆట మానేసి పాతికేళ్లయింది. "మరి మీరెందుకు ఇంకా వస్తున్నారండీ?" అని మా అల్లుడుగారి ద్వారా అడిగించాను. ఈయన మానేస్తే వచ్చే ఏడు ఆ జట్టు ఉండదట, అంతేనని నవ్వేశారు.

నన్ను ఆకర్షించిన ఉద్యోగం మరొకటుంది. అదే స్కోరరు పని. క్రికెట్టు చట్టాల్లో మూడో చట్టం పూర్తిగా స్కోరర్ల గురించే. ఒక్కరు కాదు, ఇద్దరుండాలి. అంపైరు చెయ్యి ఊపి సంజ్ఞ చేస్తే, స్కోరరు అందినట్టు బదులు సంజ్ఞ చేయాలి. ఆ బదులు వచ్చేదాకా అంపైరు ఆట సాగనివ్వకూడదు. మన భాషలో చెప్పాలంటే అక్నాలెడ్జిమెంటు లేనిదే టపా కదలదు. ఇద్దరు స్కోరర్లూ పక్కపక్కన కూర్చుని, తరచూ ఒకరి పుస్తకం ఒకరితో సరిచూసుకోవాలి. ఒకరిది ఈ జట్టు, ఇంకొకరిది ఆ జట్టు. అయినా పుస్తకం దగ్గర పక్షపాతం లేదు.

ఒక ఆదివారం పక్కన కూర్చుని ఆ పుస్తకం తీరు నేర్చుకున్నాను. లెక్క రెండు దారుల్లో కలవాలి. ఆ రోజు బ్యాటర్ల పరుగులు 112. అదనపు పరుగులు 18: వైడ్లు పది, నోబాల్సు రెండు, బైలు నాలుగు, లెగ్ బైలు రెండు. మొత్తం 130. ఇప్పుడు రెండో దారి. వైడ్లు, నోబాల్సు బౌలరు ఖాతాలో పడతాయి. బైలు, లెగ్ బైలు పడవు. బౌలర్లందరూ ఇచ్చినవి కూడితే 124, దానికి ఆరు కలిపితే 130. రెండూ ఒక్కటైతేనే పుస్తకం మూస్తారు. రెండు మొత్తాలు ఒక్కటై కనబడేసరికి, మార్చి 31 రాత్రి క్యాష్‌బుక్కు ట్రెజరీ లెక్కతో కలిసినప్పుడు కలిగిన తృప్తే కలిగింది. పక్కనున్న ఆవిడకి కూడా అదే తృప్తి. ఆవిడ వయసు డెబ్భై పైమాటే. ఆ సాయంత్రమే ఫలితం బోర్డువారి వెబ్‌సైటులో ఎక్కించేస్తారు. పదేళ్ల పిల్లవాడు కొట్టిన ఏడు పరుగులు కూడా రికార్డులో ఉంటాయి. మా మనవడు ఆ ఏడు పరుగులు నాకు నాలుగుసార్లు చూపించాడు.

ఇంకొక ముచ్చట చెప్పి తీరాలి. శనివారాలు పెద్దల లీగు మ్యాచీలు. క్లబ్బుకి మొదటి జట్టు, రెండో జట్టు, మూడోది, నాలుగోది అని ఉంటాయి. నాలుగో జట్టులో అరవై దాటిన ఆయనా, పదమూడేళ్ల కుర్రాడూ కలిసి ఆడతారు. పిల్లవాడి విషయంలో తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆ పెద్దాయన పరుగెత్తలేడు. కాని ఎక్కడ నిలబడాలో, ఏ బంతి వదిలేయాలో ఓవరు ఓవరుకీ ఆ కుర్రాడి చెవిలో చెబుతుంటాడు. తాత తరం, మనవడి తరం ఒకే జట్టులో ఒకే పనిమీద నిలబడడం మన ఊళ్లో ఈమధ్య ఎక్కడైనా చూశారా? భజన మండళ్లలో కూడా తగ్గిపోయింది.

ఇంతవరకు చెప్పింది వింటే అంతా స్వర్గంలా ఉందనుకుంటారు. కాదండీ. చూసింది చూసినట్టు చెప్పడం ధర్మం.

మా మనవడికన్నా రెండేళ్లు పెద్దవాడు ఒక పిల్లవాడు అదే క్లబ్బులో ఆడేవాడు. దక్షిణాసియా కుటుంబమే. తండ్రి సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు, తల్లి రాత్రి డ్యూటీ. పిల్లవాడు లెగ్ స్పిన్ వేస్తుంటే పెద్దవాళ్లు కూడా ఆగి చూసేవారు. క్లబ్బు మీద జిల్లా జట్టు, దానిమీద కౌంటీ వయసు జట్లు, ఆపైన అకాడమీ – ఇదీ మెట్ల వరస. 2022లో వాడికి జిల్లా జట్టు ఎంపికకి పిలుపొచ్చింది. పేరు రావడం ఒక ఎత్తు, నిలబడడం మరో ఎత్తు. శీతాకాలమంతా ఇండోర్ శిక్షణకి రుసుము. ప్యాడ్లు, హెల్మెట్, యూనిఫాం. మ్యాచీలు కౌంటీలో ఏ మూలో, అదీ పనిరోజుల్లో. కారూ, సెలవూ, డబ్బూ మూడూ ఉన్నవాళ్లకే అది సులువు. మన తపాలా మేనేజరుగారు ఊరుకోలేదు. ఏ వారం ఎవరి కారులో వీణ్ణి తీసుకెళ్లాలో పట్టిక వేసి, తల్లిదండ్రులందరిచేతా ఒప్పించారు. మా అల్లుడుగారి వంతు రెండుసార్లు వచ్చింది. ఆ వేసవి గడిచింది. 2024లో మేము మళ్లీ వెళ్లేటప్పటికి పిల్లవాడు లేడు. ఆ కుటుంబం అద్దె తక్కువని దూరంగా మరో ఊరు మారిపోయిందట. అక్కడ వాడు ఆడుతున్నాడో మానేశాడో చెప్పగలిగినవాళ్లు లేరు. స్కోరుపుస్తకంలో మాత్రం వాడు తీసిన వికెట్లు ఉన్నాయి.

ఇది ఒక్క పిల్లవాడి సంగతి కాదు. 2018లో ఇంగ్లండు బోర్డే దక్షిణాసియావారి కోసం ఒక కార్యాచరణ ప్రణాళిక వేసింది. ఊరి క్లబ్బుల స్థాయిలో ఆడేవాళ్లలో 30 శాతం పైచిలుకు ఈ సంతతివాళ్లే అయినా, కౌంటీ జట్లలో ఆడే వృత్తి ఆటగాళ్లలో వాళ్లు 4 శాతమేనని అప్పట్లో తేలింది. 2023 జూన్‌లో ఒక స్వతంత్ర కమిషను పెద్ద నివేదిక ఇచ్చింది. నాలుగువేలమందికి పైగా తమ అనుభవాలు చెప్పుకున్నారు. జాతి వివక్ష, ఆడవాళ్లపట్ల చిన్నచూపు, ఉన్నవాళ్ల పెత్తనం – మూడూ ఆటలో పాతుకుపోయాయని ఆ కమిషను తేల్చింది. 2021లో ఇంగ్లండు పురుషుల జట్టుకి ఆడినవాళ్లలో 58 శాతం మంది ఫీజులు కట్టే ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లు. దేశం మొత్తం మీద అలా చదివేవాళ్లు 7 శాతమే. పిల్లల ప్రతిభను పైకి తెచ్చే మెట్లన్నీ ఉచితంగా ఉండాలని కమిషను సిఫారసు చేసింది. బోర్డు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఎసెక్సు క్లబ్బు కూడా దీనికి అతీతం కాదు. 2017లో ఒక బోర్డు సమావేశంలో జాతిని కించపరిచే మాట వాడిన విషయంలో, దానిపై సరైన విచారణ జరపనందుకు, 2022లో ఆ క్లబ్బుకి 50 వేల పౌండ్ల జరిమానా పడింది.

అయితే తప్పు తెలిశాక దిద్దుకునే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. 2005లో 'ఛాన్స్ టు షైన్' అనే ధార్మిక సంస్థ మొదలైంది. ప్రభుత్వ బడుల పిల్లలకి క్రికెట్టు చేర్చడం దాని పని. అదే ఏడాది తరవాతనుంచి అక్కడ టెస్టు మ్యాచీల ప్రత్యక్ష ప్రసారం డబ్బు కట్టే ఛానెల్‌కి పోయింది. మామూలు ఇళ్లలో పిల్లలకి ఆట కనబడడమే తగ్గింది. ఆ సంస్థే 2008నుంచి నగరాల పేటల్లో ఉచితంగా వీధి క్రికెట్టు నడిపిస్తోంది. టెన్నిస్ బంతికి టేపు చుట్టి ఆడే ఆట. మన సందుల్లో ఆటే!

ఆడపిల్లల విషయంలో మార్పు కంటికి కనబడుతోంది. 2017 జులైలో లార్డ్స్ మైదానంలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో ఇంగ్లండు మన జట్టు మీద తొమ్మిది పరుగుల తేడాతో గెలిచింది. మన కెప్టెన్ హైదరాబాదు అమ్మాయి మిథాలీ రాజ్. ఆ మ్యాచి అటు వాళ్ల ఆడపిల్లలనీ, ఇటు మన ఆడపిల్లలనీ మైదానంలోకి తెచ్చిందంటారు. మా మనవడి క్లబ్బులో 2022లో ఆడపిల్లలకి ఒకే జట్టు. 2024లో మూడు. ఇక 2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఒక మామూలు పల్లెటూరి పిల్లకి ఎవరో ఒకరు బంతి అందించి, ఎవరో ఒకరు బస్సెక్కించి ఉండకపోతే అక్కడిదాకా రాగలిగేది కాదు.

మిత్రులారా, ఇప్పుడు మన సంగతి. మన పిల్లలకి ఆటమీద ఆసక్తి లేదా? బోలెడంత ఉంది. ఏ సందు చూసినా ఇటుకలు వికెట్లుగా పెట్టుకుని ఆడుతూనే ఉంటారు. మోటారు సైకిలు వస్తే ఆట ఆపుతారు, అది వెళ్లగానే మళ్లీ మొదలెడతారు. బంతి ఎవరి ఇంట్లోనైనా పడితే తిట్లు. ఆ తిట్టేది సాధారణంగా మనమే. డబ్బున్నవాళ్ల పిల్లలు నెలకింత అని కట్టి కోచింగు సెంటర్లకి వెళుతున్నారు. మిగతావాళ్లకి లేనిది బ్యాటూ బంతీ కాదు. ఒక వేళ, ఒక చోటు, పేరు రాసుకునే ఒక పెద్దమనిషి – ఈ మూడూ లేవు.

ఆ మూడూ ఇవ్వడానికి మనకంటే అర్హులెవరండీ? మనకి వేళ ఉంది. పొద్దున్న నడక, పేపరు, మందులు అయ్యాక ఉన్నదంతా వేళే. చోటు గురించి అర్జీ ఎలా పెట్టాలో, ఎవరి సంతకం కావాలో, ఫైలు ఏ బల్లమీద ఆగుతుందో మనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఇక పేరు రాసుకోవడమంటారా, జీవితమంతా చేసింది అదే.

అందుచేత ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను.

ఒకటి. ఆదివారం ఉదయం ఆరున్నరనుంచి తొమ్మిదిదాకా ఏదైనా ఒక మునిసిపల్ హైస్కూలు ఆవరణ పిల్లల ఆటకి తెరిపించమని సంఘం తరఫున ప్రధానోపాధ్యాయులవారికి, విద్యాశాఖవారికి అర్జీ పెట్టాలి. గేటు తాళానికి, ఆవరణ శుభ్రతకి సంఘం పూచీ ఉండాలి.

రెండు. వచ్చే ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ రిజిస్టరులో ఒక పేజీ. పేరు, పుట్టిన తేదీ, ఇంటి ఫోను, ఆరోగ్య వివరం. తల్లిదండ్రుల సంతకం లేనిదే ఆట లేదు. పిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఉండకూడదన్న నియమం మొదటి రోజునుంచే పెట్టుకోవాలి. మన మర్యాదకీ అదే రక్ష. ఎండాకాలంలో తొమ్మిది దాటనివ్వకూడదు. మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. చిన్నవాళ్లకి మెత్తటి బంతే, జంటల క్రికెట్టే.

మూడు. స్కోరుపుస్తకం. దాన్ని మాత్రం నాకు వదిలేయండి. ఇద్దరు స్కోరర్లు కావాలి కాబట్టి నా పక్కన కూర్చోడానికి లెక్కలు తెలిసిన ఒక మిత్రుడు కావాలి. ఆడిట్ సెక్షన్‌లో పనిచేసినవారైతే మరీ మంచిది. ఏ పిల్లవాడు ఎన్ని పరుగులు చేశాడో, ఎన్ని క్యాచీలు పట్టాడో నెలకోసారి మన పత్రికలో అరపేజీ వేయమని సంపాదకులవారిని కోరుతున్నాను. తన పేరు అచ్చులో చూసుకున్న పిల్లవాడు మర్నాడు ఆటకి రాకుండా ఉండడు.

పెద్ద ఖర్చేమీ కాదు. ప్లాస్టిక్ స్టంపులు, నాలుగు బ్యాట్లు, డజను బంతులు. ఈ నెల నా పెన్షనులోంచి మొదటి సెట్టు నేను కొంటాను. దీనివల్ల టెస్టు ఆటగాళ్లు తయారవుతారని నేను హామీ ఇవ్వను. అక్కడ ఇల్ఫర్డులో కూడా శుక్రవారం సాయంత్రం ఆడే వందమందిలో ఒక్కడైనా కౌంటీకి ఆడతాడన్న భరోసా లేదు. కాని వందమందికీ పెద్దవాళ్లు తమ పేరు పెట్టి పిలుస్తారు. ఒక వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లున్నారు. ఊరు మారిపోయిన ఆ లెగ్ స్పిన్ కుర్రాడి గురించి ఆ మేనేజరుగారు పాత నంబరుకి ఫోను చేస్తూనే ఉన్నారు. మన సందుల్లో ఆడే పిల్లల్లో ఎవరు రావడం మానేశారో మనలో ఎవరికైనా తెలుస్తోందా?

ఈ పనికి ముందుకొచ్చే సభ్యులు, వారి కుటుంబ సభ్యులు – ఆడవారు తప్పకుండా ఉండాలి, ఆడపిల్లలు కూడా వస్తారు కాబట్టి – తమ పేర్లు సంఘ కార్యాలయంలో ఉంచిన రిజిస్టరులో రాయించవలసిందిగా కోరుతున్నాను. కార్యాలయం పనివేళలు మీకు తెలిసినవే. ఉదయం పదినుంచి పన్నెండు, ఆదివారం సెలవు. ఆ ఆదివారం సెలవు సంగతి మాత్రం ఇకమీదట ఆలోచించుకోవాలి.